పదో గడి దగ్గర ఒక గీత

మగ్గం వర్కు చేసేవారికి డిజైను బట్ట మీదే దొరుకుతుంది. ట్రేసింగ్ కాగితానికి సూదితో బెజ్జాలు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని దాని మీద రుద్దితే జాకెట్టు బట్ట మీదికి మామిడిపిందెలూ లతలూ చుక్కలు చుక్కలుగా దిగుతాయి. ఆ చుక్కల వెంట కుట్టుకుంటూ పోతే సరి. క్రాస్ స్టిచ్‌లో ఆ వెసులుబాటు లేదు. డిజైను కాగితం మీద ఉంటుంది, బట్ట ఖాళీగా ఉంటుంది. కాగితంలో ఎన్నో గడిలో ఏ రంగుందో చూసి, బట్టలో అన్నో గడి దాకా లెక్కపెట్టుకుంటూ వెళ్లి, అక్కడ ఇంటూ గుర్తు వేసి రావాలి.

దీని కష్టం చిన్న బొమ్మలో తెలియదు. ఒక మధ్యరకం వేంకటేశ్వరస్వామి పటాన్ని తీసుకుందాం. అడ్డం 140 కుట్లు, నిలువు 140 కుట్లు. అంగుళానికి 14 గడులుండే ఐడా బట్ట మీద అది సరిగ్గా పదంగుళాల చదరం. అందులో కుట్లు 19,600. ఎక్కడో మొదట్లో 37 అనుకుని 38 దగ్గర సూది దించితే ఆ తప్పు అప్పటికప్పుడు కనబడదు. దాన్ని ఆనుకుని వేసిన కుట్లన్నీ ఒకదానికొకటి సరిగ్గానే కుదురుతాయి. నెలల తర్వాత ఎడమ వైపు నుంచి వచ్చిన పూలదండ, కుడి వైపు నుంచి వచ్చిన పూలదండ స్వామి వక్షం మీద కలవాల్సిన చోట ఒక గడి తేడాతో ఆగిపోతాయి. అప్పుడు విప్పాల్సింది ఒక కుట్టును కాదు, ఆ తప్పు మీద ఆధారపడిన కుట్లన్నిటినీ.

దీనికి లోకమంతా వాడుతున్న విరుగుడు ఒకటే. చార్టులో ప్రతి పది గడులకూ ఒక లావు గీత ఉంటుంది గదా, అలాంటి గీతనే బట్ట మీద కూడా వేసుకోవడం. అప్పుడు 140 దాకా లెక్కపెట్టే పని ఉండదు, పది దాకా చాలు. తప్పు జరిగినా ఆ పది గడుల లోపలే బయటపడుతుంది. దీనివల్ల లెక్క సులువవుతుందనడంలో ఎవరికీ అభ్యంతరం లేదు. అసలు గీత కావాలా, కావాలంటే దేనితో గీయాలి, గీసినదాన్ని ఎలా పోగొట్టాలి అన్న దగ్గర మాత్రం కుట్టేవాళ్లలో గట్టి పట్టింపులే ఉన్నాయి.

గీత అక్కర్లేదనేవారి వాదనను తేలిగ్గా తీసెయ్యకూడదు. మన పక్కనే ధార్వాడ ప్రాంతపు కసూతి పని ఉంది. ఇల్కల్ చీరల మీద గోపురాలు, పల్లకీలు, ఏనుగులు, తులసికోటలు కుడతారు. బట్ట మీద గీత గీయరు, ముడి వేయరు. నేత పోగుల్ని కంటితో లెక్కపెట్టుకుంటూ పోవడమే. గవంతి, ముర్గి, నేగి, మెంతి అని అందులో నాలుగు రకాల కుట్లు. మెంతి అంటే మన క్రాస్ స్టిచ్చే. పంజాబు ఫుల్కారీ స్త్రీలు ఖద్దరు బట్టకు వెనక వైపు నుంచి పోగులు లెక్కపెట్టి పట్టుదారంతో కుడతారు. అక్కడా గీతలు లేవు. అమ్మల చేతి నుంచి కూతుళ్ల చేతికి వచ్చిన ఈ పనుల ముందు పదేసి గడులకు గీత గీసుకునేవాళ్లు నేర్పు చాలనివాళ్లని ఎవరైనా అంటే పైకి నిజమే అనిపిస్తుంది.

నేనలా అనుకోను. కసూతి బొమ్మకు ఒక సౌష్ఠవం ఉంది. గోపురానికి ఎడమ వైపు ఎన్ని మెట్లుంటే కుడి వైపూ అన్నే. ప్రతి కుట్టుకూ పక్కనున్న కుట్టే సాక్షి. వరస తప్పితే రెండో అడుగులోనే బొమ్మ వంకరపోతుంది. ఇప్పుడు చాలామంది కుడుతున్నవి అలాంటివి కావు. ఫొటోను కంప్యూటర్లో వేసి తీసిన చార్టులు. అరవై రంగులుంటాయి, ఒక రంగు కుట్టు ఒకటి ఇక్కడ, మరొకటి పదమూడు గడుల అవతల. కుట్టేవాళ్లు వీటిని కన్ఫెట్టి అంటారు. ఏ కుట్టుకూ పక్క కుట్టు సాక్ష్యం చెప్పదు. అందుకని గీత కావాలా వద్దా అన్నది చెప్పాల్సింది డిజైను. చేతి నేర్పుకు దానితో పనిలేదు. చేతిరుమాలు మూలన నాలుగు పూలకు, టేబుల్ క్లాతు అంచుకు, పేరు రాసే అక్షరాలకు మధ్య గీత ఒక్కటి చాలు. రంగులు చెల్లాచెదరుగా ఉన్న పెద్ద పటానికి ఎంత చేయి తిరిగినవారైనా గళ్లు వేసుకోవడమే మేలు. చత్వారం వచ్చాక ఈ మాట ఇంకా నిజం. కంటికి ప్రతి బెజ్జమూ విడిగా కనిపించని వయసులో ఆ గీతలే పనిని కొనసాగనిస్తాయి.

కాగితం మీద గళ్లు చాలా పాతవి. ఫెడెరికో వించియోలో 1587లో పారిస్‌లో అచ్చువేయించిన నమూనాల పుస్తకంలోనే గళ్ల మీద పరిచిన బొమ్మలున్నాయి. 19వ శతాబ్దంలో బెర్లిన్ నుంచి వచ్చిన ఉన్ని కుట్ల చార్టులు యూరప్ ఇళ్లను ముంచెత్తాయి. ఒక్కో గడికి చేత్తో రంగు వేసిన చార్టులవి. గడులు కాగితం నుంచి బట్టలోకి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. జర్మనీలో నేసిన నూలు కాన్వాసులో ప్రతి పదో పోగును పసుప్పచ్చగా నేసేవారు. లెక్క సులువవుతుందని. 1842లో లండన్‌లో వెలువడిన మిస్ లాంబర్ట్ సూదిపని పుస్తకం ఆ కాన్వాసు గురించి చెబుతూ, లెక్కకు సాయమే గాని పని పూర్తయ్యాక ఆ పసుపు పోగు కుట్ల సందుల్లోంచి కనిపిస్తుందని తప్పుపట్టింది. ఇవాళ ఏ పెన్ను మీదైనా, ఏ దారం మీదైనా వచ్చే ఫిర్యాదు అదే. గీత గీయడం ఎప్పుడూ కష్టం కాలేదు, దాన్ని లేకుండా చేయడమే కష్టం. అందువల్ల ఈ పద్ధతులన్నిటినీ ఒకే ప్రశ్నతో తూచడం న్యాయం: పని అయ్యాక ఇది ఎలా పోతుంది?

పెన్సిలును, సుద్దను, కార్బన్‌ను ముందు పక్కన పెట్టేద్దాం. పెన్సిలు మసి తెల్ల దారానికి అంటి బూడిద రంగు తేలుతుంది, ఉతికినా పూర్తిగా వదలదు. దర్జీ సుద్ద గీత లావు, రెండు రోజుల్లో రాలిపోతుంది. కార్బన్ మరక సంగతి ఇంట్లో ఎంబ్రాయిడరీ చేసినవారందరికీ తెలుసు.

పెన్నులు మూడు రకాలు. నీళ్లతో పోయే నీలి పెన్ను, గాలికి పోయే ఊదా పెన్ను, వేడికి పోయే పెన్ను. మూడూ చవక, మూడూ చేతికి సుఖం. అరగంటలో బట్ట అంతా గళ్లు పడిపోతాయి. అందుకే కొత్తవాళ్లు ముందు వీటి వైపే మొగ్గుతారు.

నీలి పెన్ను గీత చన్నీళ్లలో పోతుంది. ఆ చన్నీళ్లన్నది షరతు. గీత ఉండగానే ఇస్త్రీ చేస్తే, వేణ్నీళ్లలో ముంచితే, నీళ్ల కంటే ముందు సబ్బు పెడితే కొన్ని సిరాలు బట్టను పట్టుకుని గోధుమరంగు చారలుగా మిగిలిపోతాయి. మన ఇళ్లలో అలవాటు సరిగ్గా దీనికి ఎదురు. మురికి బట్ట అనగానే వేణ్నీళ్లు, సర్ఫు. ఈ గీత ఉన్న బట్టను ముందు వట్టి చన్నీళ్లలో పూర్తిగా ముంచి ఉంచాలి, నీళ్లు మార్చాలి, సిరా మొత్తం దిగిందని తేలాకే సబ్బు. పైన తడి చేత్తో అద్ది ఊరుకుంటే సిరా పోదు, పోగుల్లోకి దిగి ఆరాక మళ్లీ పైకి తేలుతుంది. ఇంకో చిక్కు మన ఎండాకాలం. చేతి చెమటకే గీతలు అక్కడక్కడా చెదిరిపోతాయి. అరచేయి ఆనే చోట కిందో పాత నూలుగుడ్డ వేసుకుని కుట్టాలి.

గాలికి పోయే ఊదా పెన్ను ఈ పనికి పనికిరాదని నా నిశ్చితాభిప్రాయం. అది ఒకటి రెండు రోజుల్లో మాయమవడానికే తయారైంది. తేమ ఎక్కువున్న చోట ఇంకా తొందరగా పోతుంది. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో సాయంత్రం గీసింది పొద్దుటికి ఉంటుందన్న నమ్మకం లేదు. నెలల తరబడి సాగే పనికి రోజు నిలవని గీత ఎందుకు? అదీగాక, ఈ రకం సిరాల్లో చాలావాటిలో ఉండేది క్షారగుణం ఉన్నంతసేపు మాత్రమే కనిపించే రంగు. గాలిలోని కార్బన్ డయాక్సైడు, తేమ తగిలి ఆ గుణం తగ్గగానే రంగు కనబడకుండా పోతుంది. పదార్థం బట్టలోనే ఉంటుంది. బట్టల సబ్బు క్షారం కాబట్టి ఉతికేటప్పుడు అదే గీత మళ్లీ తొంగిచూసే అవకాశం ఉంది.

వేడికి పోయే పెన్నుల్లో అందరికీ తెలిసింది జపాను పైలట్ కంపెనీ ఫ్రిక్షన్. 2006లో యూరప్‌లో, మరుసటి ఏడు జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. కాగితం మీద రాసి, చెరిపి, మళ్లీ రాసుకోవడానికి చేసిన పెన్ను అది. బట్టకోసం పుట్టలేదు. వెనకనున్న రబ్బరుతో రుద్దితే పుట్టే వేడికి, సుమారు 60 డిగ్రీల దగ్గర, సిరా రంగు పోతుంది. ఇస్త్రీ పెట్టె తగిలిస్తే గళ్లన్నీ ఒక్క క్షణంలో మాయం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అందుకే దీనికి ఇంత ఆదరణ. ఇక్కడా రంగు కంటికి కనబడకుండా పోతుందే తప్ప సిరా కదలదు. చలి సున్నాకు పది డిగ్రీలు దిగువకు పోతే గీత తిరిగి రావడం మొదలై, ఇరవై డిగ్రీల దిగువన పూర్తిగా వచ్చేస్తుంది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో గోడకు వేలాడే పటానికి ఈ భయం లేదు. మినియాపొలిస్‌లోనో ఎడ్మంటన్‌లోనో ఉన్న మనవాళ్లకు ఉంది. జనవరిలో రాత్రంతా కారులో మరచిపోయిన పటం మీద తెల్లారేసరికి గళ్లు కనబడొచ్చు. ఇక్కడి నుంచి మనవరాలికి బహుమతిగా పంపే పటానికీ అదే ప్రమాదం. మన దగ్గర దీనికి ఎదురు కష్టం. మే నెల ఎండలో తలుపులు బిగించి నిలిపిన కారులో వేడి 60 డిగ్రీలు దాటడం వింత కాదు. సగం కుట్టిన బట్ట సంచీ అందులో ఉండిపోతే, దిగేటప్పుడున్న గళ్లు ఎక్కేటప్పటికి ఉండవు. ముదురు రంగు బట్టల మీద ఈ సిరా పోయిన చోట తెల్లటి జాడ మిగలడం మరో లోపం.

పెన్నే కావాలనుకునేవారు నీలి పెన్ను తీసుకుని ఒక పని తప్పకుండా చేయాలి. అదే బట్ట అంచు ముక్క మీద గీసి, కొన్నాళ్లు అలాగే ఉంచి, ఆ తర్వాత చన్నీళ్లలో తీసి చూడాలి. గీసిన వెంటనే ఉతికి చూస్తే తెలిసేది ఏమీ లేదు. పెద్ద పటం మీద ఆ గీత ఏడాది ఉండబోతుంది.

దారంతో వేసే గళ్ల దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. దీనికి సమయం పడుతుంది, ఓపిక కావాలి. ఒకసారి లాగేశాక బట్టలో మిగిలేది మాత్రం ఏమీ ఉండదు. రసాయనం లేదు, వేడి లేదు, చలి లేదు. పెద్ద పటాలకు నేను నమ్మేది దీన్నే.

కుట్టు మిషను దారంతో కచ్చా కుట్టులా వేసుకోవడం పాత పద్ధతి. నూలు దారం కంటే పాలిస్టరు మేలు. ముదురు ఎరుపు, నలుపు నూలు దారాలు తెల్ల బట్ట మీద వద్దు. తడి తగిలితే రంగు దిగొచ్చు, పీచు మిగులుతుంది. లేత నీలమో లేత ఆకుపచ్చో చాలు. అయితే మామూలు దారానికి ఒక పెద్ద లోపం ఉంది. గీత దారం ఏ బెజ్జాల్లోంచి పోతుందో మన కుట్లూ ఆ బెజ్జాల్లోంచే పోతాయి. సూది ఎక్కడో ఒకచోట దాన్ని మధ్యకు చీల్చుకుని దిగుతుంది. చివర్లో లాగితే రాదు. బలంగా లాగితే కుట్టు కూడా వస్తుంది. దీనికి మందుగా వచ్చిందే నున్నటి నైలాన్ దారం. చేపల గాలానికి కట్టేది, పూసలు గుచ్చేది, సుమారు పావు మిల్లీమీటరు లావుది. సూది దాన్ని చీల్చలేదు, పక్కకు జారిపోతుంది. చివర్లో లాగితే ఎంత దట్టమైన కుట్ల కిందినుంచైనా జారి వచ్చేస్తుంది. కొన్ని కంపెనీలు దీన్నే ఎర్రరంగు వేసి గళ్లకోసమని ప్రత్యేకంగా అమ్ముతాయి. మన ఊళ్లో ఫ్యాన్సీ షాపులో పూసల దగ్గర దొరికే రంగు నైలాను చుట్టా అదే పని చేస్తుంది, ధరలో చాలా తేడా ఉంటుంది. కొసలు రెండేసి అంగుళాలు వదలాలి, లేకపోతే ఫ్రేమ్ బిగించి వదిలేటప్పుడు జారి లోపలికి పోతాయి.

ఎలా వేయాలన్నది కాస్త దగ్గరగా చూడాల్సిన విషయం. మొన మొద్దుగా ఉండే 24 నంబరు సూది తీసుకోండి. పదేసి గడులు పైన, పదేసి గడులు కింద అని వేసేవారున్నారు. పైనున్న దారం అంత పొడుగైతే వదులై కుట్టే దారానికి చుట్టుకుంటుంది. అయిదు పైన, అయిదు కింద మంచిది. అలా వేస్తే దారం ప్రతి పదో బెజ్జంలో పైకి వస్తుంది, అయిదు గడులు నడిచి దిగుతుంది. సగానికి కూడా గుర్తు దొరికినట్టే. నిలువు గీతలన్నీ అయ్యాక అడ్డగీతలు కూడా అదే లెక్కన. ఇప్పుడు ప్రతి కూడలి దగ్గరా చూడండి. లెక్క సరిగ్గా ఉంటే నిలువు దారం, అడ్డ దారం రెండూ ఒకే బెజ్జంలోంచి పైకి వస్తాయి, ఒకటి పక్కకు, ఒకటి నిలువునా వెళ్తాయి. ఒక్క గడి తేడా వచ్చినా ఆ రెండూ పక్కపక్క బెజ్జాల్లోంచి వచ్చి దొరికిపోతాయి. పెన్ను గీతలకు ఈ తనిఖీ లేదు. గీతలు రెండూ ఎక్కడున్నా ఒకదాన్నొకటి కోసుకుంటూనే పోతాయి, గడి 10 ఉన్నా 9 ఉన్నా కంటికి ఒకేలా కనబడుతుంది. దారం వైపు నేను మొగ్గడానికి ఇది రెండో కారణం, నిజానికి పెద్ద కారణం. తప్పు గీత ఉన్న బట్ట అసలు గీతే లేని బట్ట కంటే హాని చేస్తుంది, ఎందుకంటే గీత ఉన్నచోట ఎవరూ మళ్లీ లెక్కపెట్టరు.

మన 140 గడుల పటానికి అంచులతో కలిపి 15 నిలువు గీతలు, 15 అడ్డగీతలు. ఒక్కోటి పదంగుళాలు, మొత్తం 300 అంగుళాలు, అంటే 25 అడుగులు. కొసలు కలుపుకున్నా పన్నెండు మీటర్లు దాటదు. రెండు సాయంత్రాల పని. ఒకేసారి అంతా వేయాలనీ లేదు. కుట్టబోయే భాగానికి ముందుగా నాలుగు గీతలు, ఆ తర్వాత మిగతావి.

ఇక్కడ చాలామంది చిక్కుకునే ఒక మెలిక ఉంది. బట్టను అడ్డంగా, నిలువుగా మడిచి మధ్య చూసుకోమని అందరూ చెబుతారు. ఆ మధ్య నుంచే పదేసి లెక్కపెట్టడం మొదలుపెడితే కొన్ని డిజైన్లలో గళ్లు చార్టుతో కలవవు. 140 వెడల్పైతే మధ్య 70 దగ్గర, అక్కడ చార్టులో కూడా లావు గీత ఉంటుంది. 146 వెడల్పైతే మధ్య 73 దగ్గర. చార్టులో లావు గీత 70 దగ్గర ఉంటుంది. అప్పుడు మధ్య నుంచి ఎడమకు మూడు గడులు వెళ్లి అక్కడ మొదటి గీత వేయాలి. బట్ట మీది గడి చార్టులోని గడికి సరిజోడు కాకపోతే ఇంత శ్రమా వృథా. వెడల్పు బేసి సంఖ్యైతే మధ్య ఒక గడి నడిబొడ్డున పడుతుంది, బెజ్జం మీద పడదు. అది కూడా చార్టు చూసి ముందే తేల్చుకోవాలి.

స్కేలు పెట్టి అంగుళాలు కొలిచి గళ్లు వేయడం ఎప్పుడూ వద్దు. మన బజార్లో దొరికే మ్యాటీ క్లాతు విషయంలో మరీ వద్దు. జర్మనీ ట్స్వైగార్ట్ లాంటి కంపెనీల ఐడాలో అడ్డానికీ నిలువుకూ లెక్క సమానంగా ఉండేలా నేస్తారు. మీటర్ల లెక్కన కొనే మ్యాటీలో ఆ హామీ లేదు. ఒక వైపు అంగుళానికి 14, మరో వైపు 13 ఉంటే 140 గడుల చదరం పదంగుళాలకు దాదాపు పదీముప్పావు అంగుళాల దీర్ఘచతురస్రం అవుతుంది. దేవుడి ముఖం సాగిపోతుంది. బట్ట కొనేముందు రెండు వైపులా అంగుళంలో ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టి చూసుకోండి. దుకాణదారు విసుక్కున్నా పరవాలేదు.

గళ్లు ముందే అచ్చువేసి వచ్చే ఐడా కూడా ఉంది. డీఎంసీ కంపెనీ మ్యాజిక్ గైడ్ ఆ రకమే, పదేసి గడుల గీతలు నీళ్లలో పోతాయి. ఓపిక లేనివారికి వరమే. నాకు కనిపించే ఇబ్బంది పైన చెప్పిన 146 లెక్కే. అచ్చుగీతలు మన చార్టు మధ్యకు తగ్గట్టు జరగవు, మనమే వాటికి తగ్గట్టు డిజైనును జరుపుకోవాలి. అంచు మార్జిను ఎక్కువ ఉన్న ముక్క కొంటే ఈ ఇబ్బంది తీరుతుంది. బొమ్మే రంగులతో అచ్చుపడి వచ్చే కిట్ల జోలికి ఇక్కడ వెళ్లడం లేదు, అందులో లెక్కే లేదు.

పట్టుచీర మీదో జాకెట్టు మీదో క్రాస్ స్టిచ్ వేయాలంటే గీతలతో కుదరదు, లెక్కపెట్టడానికి గడులే ఉండవు. కసూతి పని ఇలాంటి బట్టల మీదికి వచ్చినప్పుడు పైన పలచని మ్యాటీనో నెట్టునో టాకాలతో పట్టించి, దాని గడుల మీద కుట్టి, చివర్లో ఆ పోగుల్ని ఒక్కొక్కటిగా లాగేస్తారు. పాలస్తీనా స్త్రీల తత్రీజ్ కుట్టుపనిలోనూ ఇదే ఉపాయం కనిపిస్తుంది. ఆ కుట్టుపని 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. గడులన్నిటినీ తెచ్చి పైన పరిచి, పనయ్యాక మొత్తంగా తీసేయడం అన్నమాట.

ఫోన్లో, ట్యాబ్‌లో చార్టు పెట్టుకుని కుట్టిన గడుల్ని కొట్టేసుకుంటూ పోయే యాప్‌లు వచ్చాక బట్ట మీద గీతలు అక్కర్లేదనే మాట వినబడుతోంది. అవి కాగితం వైపు లెక్కను మాత్రమే కాస్తాయి. బట్ట వైపు లెక్క ఇంకా కంటిదే.

నలుపు, ముదురు నీలం ఐడా మీద గళ్లు వేయడం వీటన్నిటిలో కష్టం. నీలి పెన్ను కనబడదు, తెల్ల పెన్నులు తొందరగా చెరిగిపోతాయి, వేడి పెన్ను జాడ వదులుతుంది. అక్కడ లేతరంగు నైలాను తప్ప మరో దారి నాకు తోచడం లేదు. ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకుని దాని మీద బట్ట పెట్టుకుంటే బెజ్జాలు తెల్లగా మెరిసి లెక్క తెలుస్తుంది.

తీయడం గురించి. గడికి నాలుగు వైపులా కుట్లు పూర్తయిన చోట మాత్రమే దారం తీయాలి, చివర్లో బొమ్మ అంచుల వెంట వేసే బ్యాక్ స్టిచ్‌కు ముందు తీసేయాలి. బ్యాక్ స్టిచ్ దారం గీత దారాన్ని చుట్టేస్తే విడదీయడం కష్టం. పొడుగు దారాన్ని ఒక్క కొస నుంచి లాగొద్దు. మధ్యలో పైకి కనబడే చోట కత్తిరించి, రెండు వైపులకూ సగం సగం లాగండి. లాగేటప్పుడు దారాన్ని పైకెత్తకుండా బట్టకు ఆనించి పక్కకు లాగాలి, అప్పుడు కుట్లు లేవవు. అంతా తీశాక కూడళ్ల దగ్గర ఒక బెజ్జం కాస్త పెద్దదిగా కనిపిస్తుంది. చన్నీళ్లలో ఉతికి, బోర్లా వేసి తువ్వాలు మీద ఇస్త్రీ చేస్తే అది మూసుకుంటుంది.